స్ప్రింగు పని, చమురు పని

మోటారు సైకిలు ముందుచక్రమును పట్టుకొని యుండు గొట్టముల జతను ఫోర్కు అందురు. సాధారణముగా దానిలో స్ప్రింగులును, కొంత చమురును ఉండును. గుంతలో పడి హ్యాండిలు అదరినను, బ్రేకు వేయగానే ముందుభాగము క్రుంగినను, "చిక్కని చమురు పోయించుము" అని సలహా చెప్పువారు పెక్కుమంది. ఆ సలహా ఎంతవరకు సరియైనదో తెలియవలెనన్న, ఈ రెండును ఒకే గొట్టములోనికి ఎట్లు వచ్చి చేరినవో చూడవలెను.

స్ప్రింగు స్వభావము చాలకాలమునుండి తెలిసినదే. బరువు రెట్టింపైనచో దాని సాగుదలయు రెట్టింపగునను నియమమును ఆంగ్ల శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించెను. కాని స్ప్రింగు తాను పుచ్చుకొన్న శక్తిని దాచుకొనదు; వెంటనే తిరిగి యిచ్చివేయును. అందుచే స్ప్రింగు మాత్రమే యున్న బండి గుంత దాటిన పిమ్మట చదునైన బాటమీద సైతము ఊగుచునే యుండును.

ఇంగ్లండులో ఆల్ఫ్రెడ్ ఆంగస్ స్కాట్ 1908 ప్రాంతముననే ఒక గొట్టములో మరియొకటి జారు ఫోర్కును తన బండికి అమర్చెను. కాని అందు ఊపును అణచు చమురు ఏర్పాటు లేదు. తరువాతి బండ్లలో పెక్కింటికి గర్డరు ఫోర్కులు వచ్చెను. వానికి ఒకదానితో నొకటి ఒరయు బిళ్లలను బిగించి ఊపును ఆపజూచిరి. అయితే రాపిడి చిన్న కుదుపునకు కదలనీయదు. పెద్ద దెబ్బకు చాలదు.

చమురు గుణము వేరు. సన్నని రంధ్రముగుండ మెల్లగా నెట్టినచో దారి యిచ్చును. వడిగా నెట్టినచో అడ్డగించును. జర్మనీలో బి.ఎమ్.డబ్ల్యు. సంస్థ 1935లో ఆర్-12, ఆర్-17 బండ్లకు చమురుతో ఊపు నణచు ఫోర్కును అమర్చి అమ్మకమునకు తెచ్చెను. 1941లో బ్రిటిషు సైన్యమునకై చేసిన మ్యాచ్‌లెస్ బండి అట్టి ఫోర్కునే ధరించెను. యుద్ధానంతరము ఈ పద్ధతి అంతటను వ్యాపించెను. రాయల్ ఎన్‌ఫీల్డు వారి 1949 నాటి బులెట్టు ఇట్టిదే. 1955లో ఎన్‌ఫీల్డు ఇండియా సంస్థ ఏర్పడి, మదరాసు చెంత తిరువొత్తియూరులో కర్మాగారము వెలసెను. త్యాగరాజస్వామి తెలుగు కీర్తనలలో త్రిపురసుందరిని కొలిచిన ఊరు అదియే. అక్కడినుండి బులెట్టు మన బాటల మీదికి వచ్చెను.

రంధ్రములుగల ఈ ఫోర్కునకును ఒక చిక్కు కలదు. చమురు వేగము రెట్టింపైనచో దాని యెదురుబలము సుమారు నాలుగింతలగును. కావుననే వడిగా దాటిన గుంత చేతులకు సుత్తిదెబ్బవలె తగులును. ఒత్తిడినిబట్టి వంగు పలుచని రేకుల కవాటములుగల ఫోర్కులు 1980 దశకమున ప్రచారమునకు వచ్చి ఈ బాధను తగ్గించినవి. నిత్యోపయోగపు బండ్లలో పెక్కింటికి నేటికిని పాత రంధ్రములే ఆధారము.

ఇక మన ప్రశ్న. ఫోర్కు మొత్తము కదలిక 120 మిల్లీమీటర్లనుకొందము. రెండు స్ప్రింగులును కలిసి మిల్లీమీటరునకు 1.6 కిలోల చొప్పున ఎదిరించును. ముందుగా నొక్కి బిగింపనిచో, 48 కిలోల బరువునకు ఫోర్కు 30 మిల్లీమీటర్లు క్రుంగును. ఇది మొత్తములో నాలుగవవంతు. మనిషి కూర్చుండగా నాలుగవవంతునుండి మూడవవంతువరకు క్రుంగుట నిత్యప్రయాణమునకు తగియుండును. అంతకు మించి క్రుంగినచో స్ప్రింగు బలహీనమని గ్రహింపవలెను. ఎంత చిక్కని చమురు పోసినను నిలిచియున్న బండి అంతే క్రుంగును. కొంచెము ఆలస్యముగా క్రుంగును, అంతియే.

పైపెచ్చు, మితిమీరిన చిక్కని చమురు ఫోర్కును పైకి లేవనీయదు. వరుస గుంతలలో అది లేచుటకు ముందే మరల అణగి, చక్రము నేలమీది పట్టు విడుచును. వెనుక భార్యయో బిడ్డయో కూర్చుండగా బ్రేకు వేసినచో, ఆ బరువులో కొంతభాగము ముందుచక్రము మీదికి వచ్చును. అప్పటికే ఫోర్కు అడుగంటి యున్నచో, ఎదుటి గుంతకు క్రుంగుటకు చోటుండదు.

కావున ముందు బరువునుబట్టి స్ప్రింగును, పిదప స్ప్రింగునుబట్టి చమురును ఎన్నుకొనవలెను. డబ్బాపై సంఖ్య ఒకటియే యైనను వేర్వేరు తయారీదారుల చమురుల చిక్కదనము ఒకటి కాకపోవచ్చును. 40 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద సెంటీస్టోకులలో చూపిన కొలతను పోల్చుట మేలు. చమురు మట్టము బండి పుస్తకములో చెప్పినంతయే యుండవలెను. మట్టము పెరిగినచో పైనున్న గాలి మిక్కిలి నొక్కుకొని సీళ్లు చెడును. నల్లబడిన చమురు పలుచబడి తన పని తాను చేయలేదు. దానిని సకాలమున మార్పించుట, సీలు కారుచున్నదేమో చూచుకొనుట, కొత్త స్ప్రింగుల ఖర్చుకన్న ముందు చేయదగిన పనులు.