తెలుగు తీర్పుకు పూచీ ఎవరిది?

1954 జనవరి 7న న్యూయార్క్‌లో ఐబీఎం కంప్యూటరు అరవైకి పైగా రష్యన్ వాక్యాలను ఇంగ్లిష్‌లోకి మార్చింది. అందుకు దానికి అందించినవి 250 మాటలు, 6 వ్యాకరణ సూత్రాలు మాత్రమే. ప్రచ్ఛన్నయుద్ధపు వేడిలో ఆ ప్రదర్శనకు లభించిన ప్రచారం అంతా ఇంతా కాదు. 1966లో ఆల్పాక్ కమిటీ నివేదిక ఆ ఆశలపై నీళ్లు చల్లింది.

భారతదేశంలో అనువాదం మొదటినుంచీ రాజ్య వ్యవహారమే. 1971లో కేంద్ర అనువాద బ్యూరో ఏర్పడింది. 1973లో పార్లమెంటు, పెద్దగా ఎవరూ తలచుకోని ఒక చట్టం చేసింది. రాష్ట్రపతి అధికారంతో ప్రచురితమైన కేంద్ర చట్టాల ప్రాంతీయ భాషానువాదాలకు ప్రామాణిక పాఠం హోదా దక్కింది దానివల్లనే. అనువాదకుడి పేరు ఎక్కడా కనిపించకపోవచ్చు. కానీ అతడి పనికి రాజ్యం పూచీ పడింది.

యంత్రం ఆ పూచీని ఎన్నడూ కోరలేదు. ఐఐటీ కాన్పూర్‌లో పుట్టి, తరువాత హైదరాబాద్‌కు చేరిన 'అనుసారక' ఈ విషయంలో నిజాయతీగా వ్యవహరించింది. అది నున్నటి అనువాదం ఇస్తానని చెప్పుకోలేదు. మూలంలోని సమాచారాన్ని పోనివ్వకుండా అందించి, అర్థం చేసుకునే శ్రమలో కొంత పాఠకుడికే వదిలింది. నేటి యంత్రాల భాష నున్నగా ఉంటుంది. చిక్కంతా అక్కడే: పొరపాటు కూడా నున్నగానే ఉంటుంది.

2019 నవంబరులో సుప్రీంకోర్టు తెలుగు సహా తొమ్మిది భాషలతో 'సువాస్' సాఫ్ట్‌వేర్‌ను ప్రవేశపెట్టింది. అప్పీలుకు అనుమతి ఇచ్చామనే అర్థంలో కోర్టు రాసే 'లీవ్ గ్రాంటెడ్' అనే మాటను యంత్రం 'సెలవు మంజూరైంది' అని అనువదించిన వైనాన్ని సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఒకరు బహిరంగంగానే చెప్పారు. నవ్వుకోవచ్చు, కానీ అలాంటి తప్పును పట్టుకోవడానికి ఇంగ్లిష్, స్థానిక భాష, న్యాయశాస్త్రం మూడూ తెలిసిన మనిషి కావాలి. అందుకే యంత్రం ఇచ్చిన ప్రతిని అనువాదకులు, విశ్రాంత న్యాయాధికారులు సరిచూస్తున్నారు. ఒకనాడు రాసిన చేయి ఇప్పుడు దిద్దుతోంది. దిద్దడం రాయడం కన్నా తేలికని లెక్కగట్టే ప్రభుత్వ కార్యాలయాలు, ఇరవై పేజీల తీర్పులో దారితప్పిన ఒక్క 'కాదు'ను వెతికి చూడాలి.

ఇంత చేసినా, 348వ అధికరణం ప్రకారం సుప్రీంకోర్టు భాష ఇంగ్లిషే. అనువదించిన తీర్పులపై ఒక హెచ్చరిక ఉంటుంది: ఇది కక్షిదారు తన భాషలో అర్థం చేసుకోవడానికి మాత్రమే, మరే ప్రయోజనానికీ చెల్లదు, ప్రామాణికమైనది ఇంగ్లిష్ ప్రతి. 1973లో చట్టానికి దక్కిన హోదా తీర్పుకు నేటికీ దక్కలేదు. భూమి తగాదాలో ఓడిన రైతు తెలుగు తీర్పు చదివి కారణం తెలుసుకోగలడు. దాన్ని చేతపట్టుకుని పునఃసమీక్ష కోరలేడు.