పొగాకు సీమలో చదువుల నెలవులు: ధూమపాన నియంత్రణ చట్టాల చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం:
గురజాడ 'కన్యాశుల్కం' 1909 నాటి మలికూర్పులో, గిరీశం వద్ద వెంకటేశం నిజంగా నేర్చుకున్నది చుట్ట కాల్చడమే. చదువు చెప్పవలసినవాడే పొగ అలవాటు చేయడం అక్కడి వ్యంగ్యం. చదువుకొనే చోటును పొగాకుకు దూరంగా ఉంచాలన్న ఆలోచన మన దేశమంతటికీ శాసనమై రావడానికి ఆ తరువాత దాదాపు శతాబ్దం పట్టింది. ఆ క్రమాన్ని, అందులో మిగిలిన ఒక లోపాన్ని వేటపాలెం నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

1975 నాటి రెండు చట్టాలు:
పార్లమెంటు 1975లో పొగాకుపై రెండు చట్టాలు చేసింది. పరిశ్రమ అభివృద్ధికి ఉద్దేశించిన పొగాకు బోర్డు చట్టం ప్రకారం 1976 జనవరి 1న గుంటూరు కేంద్రంగా బోర్డు ఏర్పడింది. సిగరెట్ల చట్టం పెట్టెలపై ఆరోగ్య హెచ్చరికను తప్పనిసరి చేసింది. వర్జీనియా పొగాకు పండే ఈ ప్రాంతంలో, వేటపాలేనికి పొరుగున చీరాలలో ఐ.ఎల్.టి.డి. కర్మాగారం ఉన్న చోట, మొదటి చట్టం జీవనోపాధికి సంబంధించినది. రెండవది హెచ్చరికతో సరిపెట్టుకొన్నది; పిల్లలకు సిగరెట్ల అమ్మకాన్ని నిషేధించలేదు. బ్రిటన్ 1908లోనే పదహారేళ్ల లోపువారికి ఆ అమ్మకాన్ని నిషేధించింది.

2003 చట్టం:
2003 నాటి చట్టంలోని 4వ సెక్షన్ బహిరంగ ప్రదేశాలలో ధూమపానాన్ని, 6వ సెక్షన్ పద్దెనిమిదేళ్ల లోపువారికి, విద్యాసంస్థలకు నూరు గజాల లోపల పొగాకు ఉత్పత్తుల అమ్మకాన్ని నిషేధించాయి. జాతీయ సర్వేల ప్రకారం 15–24 ఏళ్లవారిలో పొగాకు వినియోగం 2009–10లో 18.4 శాతం, 2016–17 నాటికి 12.4 శాతానికి తగ్గింది. ఈ తగ్గుదలను ఒక్క చట్టానికే ఆపాదించలేము గాని, దిశ మాత్రం స్పష్టం.

గ్రంథాలయం - చట్టపు అంచు:
ఈ చట్టం 'బహిరంగ ప్రదేశం' నిర్వచనంలో గ్రంథాలయాన్ని పేర్కొన్నది. నూరు గజాల నియమంలో మాత్రం విద్యాసంస్థ ఒక్కటే ఉంది. అనగా 1918లో స్థాపితమైన వేటపాలెం సారస్వత నికేతనం వంటి గ్రంథాలయంలో పొగ తాగడం నేరమే; గ్రంథాలయమన్న కారణంగా దాని గుమ్మం ఎదుట సిగరెట్లు అమ్మడం ఈ సెక్షన్ కింద నేరం కాదు. బడి విడిచిన తరువాత, ఉద్యోగం దొరికే ముందు, యువకుడు చదువుకొనే చోటు తరచుగా గ్రంథాలయమే.

ముగింపు:
నూరు గజాల నియమాన్ని గ్రంథాలయాలకు విస్తరింపజేయడం రైతు జీవనోపాధికి భంగం కలిగించే చర్య కాదు. పంటను గురించిన చర్చ తేలే దాకా దీనిని వాయిదా వేయనక్కరలేదు.