అత్యవసర నిప్పు, విద్యుత్ సాధనాలు

ఇంటి కరెంటు, వంటగ్యాసు అందని చోట మంట రాజేయడానికి, దీపం పెట్టుకోవడానికి, ఫోనూ రేడియో నడుపుకోవడానికి మనిషి వెంట మోసుకుపోగల పరికరాలివి. అగ్గిపెట్టె, లైటర్, ఫెర్రో కడ్డీ, చిన్న స్టవ్వు మొదటి రకం. టార్చి, పవర్ బ్యాంకు, మడతపెట్టే సోలార్ పలక, చేత్తో తిప్పే రేడియో రెండో రకం. కొండలెక్కేవాళ్లకూ అడవిలో డేరా వేసేవాళ్లకూ ఇవి ఎంత అవసరమో, తుఫానుకు స్తంభాలు కూలిన ఊరికీ వరద చుట్టుముట్టిన మేడకూ అంతే అవసరం. కొట్లో ఇవన్నీ బాగానే పనిచేస్తాయి. తడిస్తే ఏమవుతుంది, చలికి ఏమవుతుంది, ఏడాదిపాటు బీరువాలో పడి ఉంటే ఏమవుతుంది అన్న మూడు ప్రశ్నల దగ్గరే వీటిలో తేడా బయటపడుతుంది.

అగ్గిపుల్ల, లైటర్

గీస్తే అంటుకునే పుల్లను ఇంగ్లండులోని స్టాక్‌టన్ పట్టణంలో మందుల దుకాణం నడిపిన జాన్ వాకర్ 1827లో అమ్మకానికి పెట్టాడు. తర్వాత వచ్చిన తెల్ల భాస్వరం పుల్లలు కార్మికుల దవడ ఎముకలను తినేశాయి. 1906 నాటి బెర్న్ ఒప్పందం వాటిని నిషేధించే దారి వేసింది. ఇవాళ మనం వాడేది స్వీడన్‌లో రూపుదిద్దుకున్న రకం. పుల్ల తలలో పొటాషియం క్లోరేటు, పెట్టె పక్కన పూతలో ఎర్ర భాస్వరం ఉంటాయి. రెండూ రాసుకుంటేనే మంట. అందుకే పుల్ల ఎంత పొడిగా ఉన్నా పెట్టె పక్క నానిపోతే అది వెలగదు. వానాకాలం సంచిలో పుల్లలను మాత్రమే కాపాడుకుని పెట్టెను వదిలేసేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. గట్టి మూత ఉన్న డబ్బాలో పుల్లలతో పాటు ఆ పూత ముక్కను కూడా కత్తిరించి వేసుకోవడం తేలికైన ఉపాయం. భారతదేశంలో అగ్గిపెట్టెల కేంద్రం తమిళనాడులోని శివకాశి, కోవిల్‌పట్టి ప్రాంతం. ఆ కుటీర పరిశ్రమకు చవక లైటర్ల దిగుమతి దెబ్బగా మారడంతో, 20 రూపాయలకన్నా తక్కువ ధర సిగరెట్ లైటర్ల దిగుమతిని కేంద్రం 2023 జూన్‌లో నిషేధించింది.

జేబు లైటర్‌లో ఉండేది ఒత్తిడితో ద్రవంగా మారిన బ్యూటేన్. అది సున్నా డిగ్రీలకు కాస్త దిగువనే మరుగుతుంది. అంతకన్నా చలి ఉంటే ద్రవం ద్రవంగానే ఉండిపోతుంది, ఆవిరి పైకి రాదు. హిమాలయాల్లో తెల్లవారుజామున లైటర్ మొరాయించడానికి కారణం ఇదే. కాసేపు చొక్కా లోపల ఒంటికి ఆనించి ఉంచితే మళ్లీ పనిచేస్తుంది. మన మైదానాల్లో ఈ ఇబ్బంది లేదు. ఇక్కడ సమస్యల్లా గాలి, తేమ.

వంటింటి గ్యాస్ లైటర్ వేరే సూత్రం మీద నడుస్తుంది. కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్ పుడుతుందని జాక్ క్యూరీ, పియరీ క్యూరీ సోదరులు 1880లో చూపించారు. మీటను చివరిదాకా నొక్కగానే లోపలి చిన్న సుత్తి సెరామిక్ ముక్కను కొడుతుంది, కొన్ని వేల వోల్టుల విద్యుత్ పుట్టి నిప్పురవ్వగా దూకుతుంది. ఇంధనం అక్కర్లేదు, ఏళ్లపాటు పాడవదు. కానీ ఆ రవ్వకు గ్యాసును అంటించే శక్తే ఉంది, చితుకులను అంటించే వేడి లేదు. కనుక గ్యాస్ స్టవ్వు లేనప్పుడు దాన్ని నమ్ముకోకూడదు.

ఫెర్రో కడ్డీ

తడిసినా, చలేసినా, ఏళ్లు గడిచినా అంత తేలిగ్గా చెడని నిప్పు సాధనం ఒకటి ఉంది. అది ఫెర్రోసీరియం కడ్డీ. సీరియం, లాంథనం వంటి విరళ మృత్తిక లోహాల మిశ్రమానికి ఇనుము కలిపి దీన్ని పోతపోస్తారు. పాత చెకుముకిలో గట్టి రాయి ఉక్కును గీరుతుంది, లేచిన ఇనుప రజను గాలిలో మండుతుంది. ఇక్కడ పని తారుమారైంది. ఉక్కు అంచు కడ్డీని గీరుతుంది, మండేది కడ్డీ రజనే. సీరియం గాలిలో 150–180 డిగ్రీల సెల్సియస్ దగ్గరే అంటుకుంటుంది కాబట్టి ఆ గీరుడు వేడే చాలు. అంటుకున్నాక రవ్వల వేడి దాదాపు 3,000 డిగ్రీలకు చేరుతుంది. నీళ్లలోంచి తీసి తుడిచిన కడ్డీ కూడా రవ్వలు రాలుస్తుంది.

దీని పుట్టుకతో మన తీరానికి చుట్టరికం ఉంది. ఆస్ట్రియా రసాయన శాస్త్రవేత్త కార్ల్ అవర్ ఫాన్ వెల్స్‌బాక్ మొదట దీపాల మీద పనిచేశాడు. గ్యాసు మంట మీద తెల్లగా వెలిగే మేంటిల్ ఆయనదే. థోరియం ఆక్సైడుకు ఒక శాతం సీరియం ఆక్సైడు కలిపిన ఆ వల 1890ల నుంచి ప్రపంచమంతా వ్యాపించింది. 1910 ప్రాంతంలో బెర్లిన్‌లో మాక్స్ గ్రేట్జ్ తయారుచేసిన పెట్రోమాక్స్ లాంతరులో, కిరసనాయిలు ఆవిరి మీద వెలిగింది కూడా అలాంటి వలే. కరెంటు రాని రోజుల్లో తెలుగు పల్లెల పెళ్లి ఊరేగింపులకూ వీధి నాటకాలకూ వెలుగిచ్చింది ఆ దీపమే. మేంటిళ్లకు కావలసిన థోరియం మోనజైట్ అనే ఇసుక ఖనిజం నుంచి వచ్చేది. థోరియం తీసేశాక మిగిలే విరళ మృత్తికలు గుట్టలుగా పేరుకుపోయాయి. ఆ వ్యర్థంలోంచి పనికొచ్చేదేమైనా తీయాలని వెల్స్‌బాక్ చేసిన ప్రయత్నానికి ఫలితమే 1903లో పేటెంట్ పొందిన ఫెర్రోసీరియం. దీపం, ఆ దీపం వెలిగించే రాయి ఒకే ఇసుక నుంచి, ఒకే మనిషి చేతి మీదుగా వచ్చాయి. మోనజైట్‌కు తొలినాళ్లలో పేరుపడ్డవి బ్రెజిల్, తిరువాన్కూరు తీరాలు. ఆంధ్రప్రదేశ్ తీరంలో, భీమునిపట్నం వైపు ఇసుకలోనూ ఈ ఖనిజం ఉంది. జేబు లైటర్‌లో చక్రం కింద ఉండే చిన్న రాయి కూడా ఫెర్రోసీరియమే. గ్యాసు అయిపోయిన లైటర్‌ను పారేయకుండా ఉంచుకుంటే రవ్వల పనికి అక్కరకొస్తుంది.

అయితే రవ్వ మంట కాదు. దాన్ని పట్టుకునేది కావాలి. విప్పి మెత్తగా నలిపిన కొబ్బరి పీచు, విడదీసిన దూది, ఎండు తాటాకు చీలికలు మన ప్రాంతంలో తేలిగ్గా దొరుకుతాయి. దూదికి కొంచెం పెట్రోలియం జెల్లీ పట్టిస్తే ఒక్క ఉండ నాలుగైదు నిమిషాలు మండుతుంది, చిన్న డబ్బాలో ఏళ్లపాటు నిలవుంటుంది. తడి చితుకులను ఆరబెట్టి అంటించడానికి ఆ నిమిషాలే ప్రాణం. ప్రతి తెలుగింటి పూజ గదిలో ఉండే కర్పూరం అంతకన్నా మంచిది. నీటి మీద తేలుతూ కూడా మండుతుంది. విదేశీ దుకాణాల్లో ప్రత్యేకంగా అమ్మే మంట బిళ్లలకు ఇది ఏమాత్రం తీసిపోదు. మూత సరిగా లేకపోతే ఆవిరైపోతుంది, అదొక్కటే లోపం. కడ్డీ వాడకం ముందుగా ఇంటి పెరట్లో సాధన చేయవలసిన పని. వానలో, వణికే చేతులతో మొదటిసారి నేర్చుకుందామంటే కుదరదు.

కడ్డీతో పాటు మెగ్నీషియం దిమ్మ కూడా అమ్ముతారు. దాని రజను గీరి కుప్పచేసి రవ్వ వేస్తే కళ్లు చెదిరే తెల్ల మంట వస్తుంది. గాలికి రజను ఎగిరిపోతుంది కనుక చాటు తప్పనిసరి. మండుతున్న మెగ్నీషియం మీద నీళ్లు పోయకూడదు, మంట ఇంకా పెరుగుతుంది.

పొయ్యిలు, కనబడని ప్రమాదం

గాలి కొట్టి ఒత్తిడితో నడిపే కిరసనాయిలు స్టవ్వును స్వీడన్‌లో ఫ్రాన్స్ లిండ్‌క్విస్ట్ 1892లో తయారుచేశాడు. ప్రైమస్ పేరుతో అది ధ్రువ యాత్రలకూ ఎవరెస్టుకూ వెళ్లింది. గ్యాసు డబ్బా స్టవ్వు తేలిక, కానీ లైటర్‌కున్న చలి బాధే దానికీ ఉంది. అందుకే శీతల ప్రాంతాల డబ్బాల్లో మైనస్ 42 డిగ్రీల దగ్గర మరిగే ప్రొపేన్ కలుపుతారు. జర్మనీలో 1936లో వచ్చిన హెక్సమైన్ బిళ్లలు తెల్లగా, సబ్బు ముక్కల్లా ఉంటాయి. గాలి, తేమ సోకకుండా దాస్తే ఏళ్లపాటు నిలుస్తాయి. వాసన, పొగ ఘాటు ఎక్కువ కాబట్టి బయటే వాడాలి.

ఈ వ్యాసంలో మరేదీ గుర్తుండకపోయినా ఈ ఒక్క సంగతి గుర్తుండాలి. మూసిన డేరాలో, తలుపులు బిగించిన గదిలో స్టవ్వు, బొగ్గుల కుంపటి, జనరేటర్ ఏదీ నడపకూడదు. గాలి చాలక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, మగత వచ్చి, నిద్రలోనే ప్రాణం పోతుంది. ఉత్తరాదిన చలికాలంలో గదిలో కుంపటి పెట్టుకుని పడుకుని చనిపోయినవారి వార్తలు ఏటా వస్తూనే ఉన్నాయి. లంబసింగి, అరకు చలికి డేరాల్లో పడుకునే కుర్రాళ్లకు ఈ మాట ఎవరో ఒకరు తప్పక చెప్పాలి. కరెంటు పోయినప్పుడు జనరేటర్‌ను వరండాలోనో మెట్ల కిందనో పెట్టినా ముప్పే.

బ్యాటరీలు

చిందని పొడి ఘటాన్ని జర్మనీకి చెందిన కార్ల్ గాస్నర్ 1880లలో తయారుచేశాడు. అంతకుముందు ఘటంలో ద్రవం ఉండేది, వెంట మోసే వీల్లేదు. చేతి టార్చి దీని తర్వాతే సాధ్యమైంది. నెల్లూరు నుంచి వచ్చిన నిప్పో ఘటాలు, తిరుపతి కేంద్రంగా పెరిగిన అమరరాజా బ్యాటరీలు ఈ రంగంలో తెలుగు నేల పేర్లు. టార్చిలో ఘటాలు వేసి నెలల తరబడి వదిలేస్తే అవి కారి, లోపలి స్ప్రింగులను తినేస్తాయి. టార్చి, ఘటాలు పక్కపక్కనే ఉండాలి, విడివిడిగా ఉండాలి.

లిథియం అయాన్ బ్యాటరీని సోనీ 1991లో మార్కెట్‌లోకి తెచ్చింది. దాని వెనుక ఉన్న గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు 2019లో రసాయన నోబెల్ దక్కింది. గుడెనఫ్ ప్రయోగశాలలోనే అక్షయ పాఢి, నంజుండస్వామి అనే భారతీయులు పాలుపంచుకున్న పరిశోధన నుంచి 1997లో లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం వెలుగు చూసింది. బరువు కాస్త ఎక్కువే, కానీ వేడికి తొందరగా అంటుకోదు, వేల సార్లు ఛార్జి చేసినా నిలుస్తుంది. మన ఎండలకు, ఇంట్లో దాచుకునే పెద్ద పెట్టెకు ఇదే సరైన రకం.

పవర్ బ్యాంకు మీద రాసే ఎంఏహెచ్ అంకె చూసి మోసపోవడం తేలిక. అది లోపలి ఘటం 3.7 వోల్టుల దగ్గర ఇచ్చే లెక్క. ఫోనుకు చేరేది 5 వోల్టులు, ఆపైన. కనుక వాట్ గంటల్లో చూడాలి. 20,000 ఎంఏహెచ్ అంటే 74 వాట్ గంటలు. మార్పిడి నష్టం పోగా చేతికొచ్చేది 60 చిల్లర. ఈ లెక్కను వరదలో చిక్కిన మేడ మీదికి తీసుకెళ్లి చూద్దాం. 5 వాట్ల దీపం రోజుకు 5 గంటలు వెలిగితే 25 వాట్ గంటలు, రెండు ఫోన్లు ఒక్కోసారి నిండా ఎక్కితే దాదాపు 38. మొత్తం ఒక్క రోజులోనే అయిపోతుంది. అదే 1 వాటు దీపం పెట్టుకుని, ఒక ఫోను ఆపేసి, రెండోదానికి రోజుకు సగం ఛార్జి ఇస్తే అదే పెట్టె మూడు రోజులు దాటుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు పై అంతస్తుల్లో ఉండిపోయిన కుటుంబాలకు ఫోనే పడవనూ ఆహారాన్నీ పిలిచే దారి. అలాంటి చోట పొదుపే అసలు సామర్థ్యం.

సోలార్ పలకల మీద అపోహ ఒకటి పోవాలి. 20 వాట్ల మడత పలక మంచి ఎండలో రోజుకు 60, 70 వాట్ గంటలు ఇస్తుంది. మబ్బు కమ్మితే అందులో పదోవంతుకు, ఐదోవంతుకు పడిపోతుంది. తుఫాను రోజున దాని వల్ల లాభం లేదు. ఉపయోగం ఆ తర్వాతే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద విరుచుకుపడి వెళ్లిపోయాక ఆకాశం తేటపడింది, కరెంటు మాత్రం చాలా వాడలకు రోజుల తరబడి రాలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తర్వాత ఉద్దానం ఊళ్లదీ అదే స్థితి. అంటే పవర్ బ్యాంకు మొదటి రెండు మూడు రోజులకు, పలక ఆ తర్వాతి రోజులకు.

చేత్తో తిప్పే మరను బ్రిటిష్ ఆవిష్కర్త ట్రెవర్ బేలిస్ 1990లలో రేడియో కోసం తయారుచేశాడు. ఆఫ్రికాలో ఆరోగ్య సమాచారం పల్లెలకు చేరాలన్నది ఆయన ఆశయం. రేడియోకు ఆ మర చక్కగా సరిపోతుంది. ఫోనుకు సరిపోదు. చిన్న మర ఇచ్చే రెండు వాట్లతో ఫోన్ నిండాలంటే పది గంటలు తిప్పాలి. టవర్లు పడిపోయినప్పుడు ఆకాశవాణి వినడానికి మాత్రం అంతకన్నా నమ్మకమైనది లేదు.

నియమాలు, భద్రత

రక్షిత అడవుల్లో మంట వేయడం చట్టరీత్యా నేరం. నల్లమలలో ఫిబ్రవరి నుంచి మే వరకు రాలిన ఆకు నిప్పుకణిక కోసం కాచుకుని ఉంటుంది. 2018 మార్చిలో తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో కార్చిచ్చు చుట్టుముట్టి ఇరవై మందికి పైగా పర్వతారోహకులు చనిపోయారు. వేసవి అడవిలో రాత్రికి దీపం, స్టవ్వు ఉంటే చాలు, నెగడు అక్కర్లేదు.

రైల్లో గ్యాసు డబ్బాలు, స్టవ్వులు, కిరసనాయిలు నిషేధం. విమానంలో అగ్గిపెట్టె, లైటర్ చేతి సంచిలోకీ రావు. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి, కింద వేసే సామానులో ఉండకూడదు. 100 వాట్ గంటల వరకు అనుమతి అడగనక్కర్లేదు, 160 వరకు విమాన సంస్థ ఒప్పుకోవాలి. కొనేటప్పుడు భారతీయ ప్రమాణాల సంస్థ నమోదు సంఖ్య ఉందో లేదో చూడాలి. దాచేటప్పుడు సగం ఛార్జితో, చల్లని చోట ఉంచి, మూడు నెలలకోసారి చూసుకోవాలి. తుఫాను హెచ్చరిక రాగానే నిండా ఎక్కించాలి. సున్నా డిగ్రీల కన్నా తక్కువ చలిలో లిథియం బ్యాటరీని ఛార్జి చేస్తే లోపల పాడవుతుంది. ఉబ్బిన పవర్ బ్యాంకును వాడకూడదు, గుచ్చకూడదు, చెత్తబుట్టలో వేయకూడదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం వాడేసిన బ్యాటరీలను వెనక్కి సేకరించే బాధ్యత తయారీదారులది.