సొంతచేతి సిమెంటు

విజయనగరం కోటకి దగ్గర్లో మేము కొన్న పాత పెంకుటింట్లో, పడమటింటి గోడకి ఎన్నిసార్లు వెల్ల వేయించినా నెల తిరక్కుండా చెమ్మ మరకలే! తాపీమేస్త్రీ గోడ కాస్త కొట్టి చూసి నవ్వాడు.

"పాతాయన సొంతచేత్తో సిమెంటు పామీసినాడమ్మా. గోడకి ఊపిరాడ్డం నేదు."

సిమెంటు పెచ్చు కింద గానుగసున్నం బయటపడింది. ఎద్దు తిప్పే గానుగలో సున్నమూ ఇసుకా నలిగేవి. బెల్లం నీళ్ళు, కరక్కాయ రసం కలిపేవారు. ఆ పూత తాను పీల్చిన తేమని మళ్ళీ గాలికే వదిలేస్తుంది. 1713లో మన కోటకి పునాది పడేనాటికి ఇప్పటి సిమెంటు పుట్టనేలేదు. ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండ్ సిమెంటుకి పేటెంటు పొందింది 1824లో. అది గట్టిదే, కాదనను. కానీ సున్నపు గోడ మీద పూస్తే నేలనుంచి ఎక్కిన తేమ బయటికి పోయే దారిలేక, లోపలే ఉండి గోడని తినేస్తుంది.

ఇల్లు గట్టిపడాలనే పాపం పాతాయన తాపత్రయం! అయినా రెండు మాటలు అందామని నోరు తెరిచాను.

ఇంతలో మేస్త్రీ అడిగాడు: "మరి టైల్సు ఎప్పుడు తెమ్మంటారమ్మా?"

చెమ్మ కనబడకుండా ఆ గోడంతా టైల్సు అతికించమనే కదా నేనతన్ని పిలిపించింది! తెరిచిన నోరు మూసుకుని, సున్నం ఎక్కడ దొరుకుతుందని అడిగాను.