ధాత కరువు: 26 శాతం తగ్గి 20 శాతం పెరిగితే ఎంత లోటు?

శాతం కట్టడం రానివాళ్ళు మనలో ఎవరూ ఉండరు. కొత్త అంకెలోంచి పాతది తీసెయ్యాలి, మిగిలినదాన్ని పాతదాంతో భాగించాలి, నూరుతో హెచ్చవెయ్యాలి. ప్రోగ్రాం రాస్తే ఒక్క లైను. ఆ ఒక్క లైనే ఒక జిల్లా చరిత్రని ఎలా కప్పెట్టగలదో చూడండి.

1876లో వానలు మొహం చాటేశాయి. అది ధాత నామ సంవత్సరం కాబట్టి దాన్ని ధాత కరువు అన్నారు. 1878 దాకా సాగింది. మద్రాసు రాజధానిలో ఘోరంగా దెబ్బతిన్న జిల్లాల్లో కర్నూలు ఒకటి.

ఇప్పుడు జనాభా లెక్కలు చూద్దాం. కర్నూలు జిల్లాలో 1871లో 9,14,432 మంది. 1881లో 6,78,551. (బనగానపల్లె అప్పట్లో విడి సంస్థానం, ఇందులో కలవదు.) అంటే 25.8 శాతం తగ్గారు. పక్కనున్న కడపలో 13,51,194 కాస్తా 11,21,038 అయింది. అక్కడ తగ్గుదల 17 శాతం.

1891కి కర్నూలు 8,17,811కి చేరింది. 20.5 శాతం పెరుగుదల! 26 పోయి 20 వచ్చింది, ఇంకా ఐదు శాతమే కదా లోటు అనిపిస్తుంది. అక్కడే బోల్తా పడతాం. మొదటి శాతం 9.14 లక్షల మీద కట్టింది, రెండోది 6.79 లక్షల మీద. రెంటినీ కూడికలు తీసివేతలు చెయ్యకూడదు. అసలు లోటు 96,621 మంది, అంటే 1871 అంకెలో 10.6 శాతం. పోయినంతా తిరిగి రావాలంటే 34.8 శాతం పెరగాలి. 1901లో కూడా 8,72,055 మందే. ముప్పై ఏళ్ళైనా పాత అంకె అందలేదు!

ఇంకో సంగతి. ఆ 25.8 శాతమూ చచ్చిపోయినవాళ్ళు అనుకోకూడదు. ఊళ్ళొదిలి వలసపోయినవాళ్ళూ ఇందులోనే ఉన్నారు. మరోవైపు, ఆ పదేళ్ళలో పుట్టి బతికిన పిల్లలు కొంతమంది లోటుని పూడ్చి కనపడకుండా చేశారు. పైగా కరువే రాకపోతే జనాభా 1871 దగ్గరే ఆగిపోయేదా? పెరిగేది కదా! రెండు చివర్ల కొలతలు తీసుకుంటే మధ్యలో జరిగింది మనకి కనపడదు.

కర్నూలు 1891కి 20 శాతం పెరిగిందంటే అబద్ధమేమీ కాదు. కాకపోతే అలా ఎవరైనా అన్నప్పుడు, అప్పుడైనా ఇప్పుడైనా, మనం ముందు అడగాల్సింది ఒక్కటే: దేనిమీద?