పొగమంచులో మూడవ పతకము

అనంతగిరి పొగమంచు వికారాబాదు పెద్దలకు క్రొత్తగాదు. అట్టి పొగమంచే 1968 ఫిబ్రవరి 17వ తేదీన ఫ్రాన్సులోని గ్రెనోబుల్ ఒలింపిక్ పందెమును క్రమ్ముకొనినది. కాళ్లకు పొడవైన పలకలు బిగించుకొని, తాండూరు నాపరాతివలె నునుపెక్కిన హిమపు వాలున, పాతిన జెండాల నడుమ వంకరలు తిరుగుచు జాఱి దిగుట ఆ పందెము. ఫ్రాన్సువాడైన జాఁ క్లోద్ కిల్లీ అప్పటికే రెండు స్వర్ణపతకములు గెలిచియుండెను. అందొకటి సెకనులో నూఱింట ఎనిమిది పాళ్ల తేడాతో! మూడవదియు దక్కినచో, 1956లో ఆస్ట్రియావాడగు టోనీ సైలర్ పొందిన కీర్తికి సాటి వచ్చును.

ఆ ఆస్ట్రియా దేశపువాడే కార్ల్ ష్రాంజ్, తనకెవరో అడ్డువచ్చిరని నడుమ ఆగి, అనుమతితో మరల దిగి, కిల్లీని మించెను. పిదప తీర్పరులు, ఆగకమునుపే అతడు జెండాలు తప్పెనని నిర్ణయించి, ఆ పరుగును కొట్టివేసిరి. జెండా తప్పినవానికి మఱుపరుగు లేదు గనుక తీర్పు సరియేయని నా తలంపు. కాని ముందు తేల్చవలసినదానిని వెనుక తేల్చిరి. పతకము కిల్లీదే అయినది. ఇరువదినాలుగేండ్లకే, ఆ యేటనే, అతడు పందెములు చాలించెను.