ఒక అచ్చక్షరం, దాని కర్తలు

అచ్చక్షరాల చరిత్ర రాసేవాళ్ళకూ రాజుల చరిత్ర రాసేవాళ్ళ జబ్బే ఉంది. ఒక పేరు దొరికితే చాలు, పదిమంది పనీ ఆ పేరు కింద జమకడతారు. టైమ్స్ న్యూ రోమన్ అనే ఇంగ్లీషు అక్షరాన్నే తీసుకోండి. కర్త ఎవరంటే స్టాన్లీ మోరిసన్ అంటారు. ఈ మాట సగమే నిజమని నా వాదన.

లండన్ టైమ్స్ పత్రిక అచ్చును మోరిసన్ 1929లో గట్టిగా విమర్శించాడు. పత్రికవారు అతన్నే సలహాదారుగా పెట్టుకున్నారు. 1932 అక్టోబరు 3న కొత్త అక్షరంతో పత్రిక వెలువడింది. తక్కువ చోటులో ఎక్కువ మాటలు ఇమడాలి, చదవడానికి మాత్రం అక్షరం చిన్నదనిపించకూడదు. ఇదీ దాని అవసరం. అందుకే పైకి లేచే కొమ్ములూ, కిందికి దిగే తోకలూ పొట్టివైనాయి. నడిమి భాగం పెద్దదైంది. గీతల కొసల్లో ఉండే చిన్న అంచుల్ని సెరిఫ్‌లంటారు. మన తలకట్టు లాంటివి కావవి. తలకట్టు తీసేస్తే తెలుగక్షరం చెడుతుంది, సెరిఫ్ తీసేసినా ఇంగ్లీషక్షరం చెడదు. వాటిని సన్నగా, పదునుగా దిద్దారు.

దిద్దిన చెయ్యి ఎవరిది? విక్టర్ లార్డెంట్‌ది. ఆ పత్రిక ప్రకటనల విభాగంలో చిత్రకారుడు. ప్లాంటిన్ అచ్చువేసిన పుట ఫోటో ఒకటి ఇచ్చి, దాన్ని మాదిరిగా పెట్టుకోమని మోరిసన్ చెప్పినట్టు లార్డెంటే తరవాత తెలిపాడు.

ఇక్కడ కథ మరో మెట్టు వెనక్కి పోతుంది. ప్లాంటిన్ 16వ శతాబ్దంలో ఆంట్వెర్ప్ నగరపు ముద్రాపకుడు. అతని పేరుతో మోనోటైప్ కంపెనీ 1913లో ఒక అక్షరం తెచ్చింది. టైమ్స్ అక్షరానికి అస్థిపంజరం అదే. ఐతే దాని మూలాన్ని ఉక్కుకడ్డీ కొసన చెక్కింది ప్లాంటిన్ కాదు, రాబర్ట్ గ్రాంజాన్ అనే ఫ్రెంచి పనివాడు. చూశారా, నాలుగు శతాబ్దాల నాటి అక్షరానికి సైతం అచ్చాఫీసు యజమాని పేరే నిలిచింది!

లార్డెంట్ బొమ్మలు లోహమైంది సాల్‌ఫర్డ్స్‌లోని మోనోటైప్ కర్మాగారంలో. అక్కడ అక్షరాలను పెద్దవిగా గీసి, కొలిచి, సవరించే విభాగంలో ఎక్కువమంది యువతులు. వాళ్ళ పేర్లు కంపెనీ నమూనా పుస్తకాల్లో వెతకడం దండగ.

మోరిసన్‌ను తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో సైన్యంలో చేరనని జైలుకు పోయినవాడు. పాత అచ్చుల చరిత్ర క్షుణ్ణంగా తెలిసినవాడు. ఏ మాదిరి ఎన్నుకోవాలో తెలియడం చిన్న విద్య కాదు. కాని ఎన్నిక వేరు, గీత వేరు.

ఆ పత్రిక 1972లో ఈ అక్షరాన్ని వదిలేసింది. 1992లో అది విండోస్‌తో కంప్యూటర్లలోకి ఎక్కింది. 2007 దాకా వర్డ్ తెరిస్తే మొదట వచ్చే అక్షరం అదే.